బేరమాడని ఇంటి ధర

ఎండరోజు 37. మధ్యాహ్నం 48 డిగ్రీలు.

సమధర బజారు సంజాయిషీ గది వారికి.

ఫిర్యాదు తీసుకోవాలంటే పదిహేను రోజుల దినచర్య రాసి ఇవ్వాలని ఈ ఉదయం మీ ఉద్యోగిని చెప్పింది. ఎందుకని అడిగాను. "ఒక్కరోజు కోపంతో రాసింది చెల్లదు సార్. పదిహేను రోజులు నిలిచిన కోపమైతేనే చూస్తారు" అంది. ఇరవై ఎనిమిదేళ్ళు బొగ్గుబావుల సంఘానికి కరపత్రాలు రాసినవాణ్ణి. బావులు మూతబడ్డాయి, సంఘం మూతబడింది, నా కోపం మాత్రం ఇంకా పనిలోనే ఉంది. రాస్తున్నాను, చదువుకోండి.

తెల్లవారుజామున నాలుగున్నరకు మీరు తలుపులు తీశారు. రోజూలాగే మూడో వరసలో చలువ బిళ్ళల అర ముందు నిలబడ్డాను. ధర పలక నా మొహం చూసి వెలిగింది. నిన్న ముప్ఫై ఎనిమిది, ఇవాళ నూట అరవై. పలక పాడైందనుకుని రెండడుగులు వెనక్కి జరిగాను. ఆరిపోయింది. మళ్ళీ ముందుకొచ్చాను. నూట అరవై. తలకు చుట్టుకున్న తడి తువ్వాలు తీశాను, కళ్ళద్దాలు తీశాను. నూట అరవై.

పక్కనే ఒకాయన అదే అరలోంచి అదే బిళ్ళ తీసి, పలకనోసారి చూసి, ఏ కంగారూ లేకుండా సంచిలో వేసుకున్నాడు. ఆయనకెంత చూపించిందో నాకు తెలియదు. ఎదురుగా నిలబడ్డవాడికే కనబడేట్టు చేశారు కదా. "మీకెంత పడిందండీ?" అని అడిగాను. ఆయన నా వైపు చూసిన చూపు, నేనేదో బట్టలిప్పమన్నట్టుంది. మా బస్తీలో ఎవరి ధర వాళ్ళు బయట చెప్పుకోరు. చెబితే దిష్టి తగిలి పెరుగుతుందట. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఈ మాట నమ్ముతున్నారంటే, నమ్మకం వల్ల ఎవరికి లాభమో ఒక్కరైనా ఆలోచించారా?

బిళ్ళ కొన్నాను. కొనక ఏం చేస్తాను?


ఎండరోజు 38. 48 డిగ్రీలు.

నూట అరవై ఎనిమిది.

బిళ్ళ ఎవరి కోసమో రాయమని మీ కాగితంలో ఒక గడి ఉంది. మా అక్క కోసం. పేరు మౌనిక, వయసు అరవై ఒకటి. ఆ పేరు పెట్టినవాళ్ళు ఆమె నోరు తెరవకముందే పెట్టారు. పాత ఓపెన్‌కాస్టు మట్టిగుట్ట మీద సౌర పలకలు కడిగే పని ఇరవై రెండేళ్ళు చేసింది. రెండేళ్ళ కిందట వడదెబ్బ తగిలి అక్కడే పడిపోయింది. అప్పటి నుంచి ఆమె ఒంటికి చెమట పట్టదు. చలువ చొక్కా వెనక జేబులో అరచేతంత బిళ్ళ పెడితే సాయంత్రం దాకా మనిషి. పెట్టకపోతే పది దాటాక చూపు మసకబారుతుంది, మధ్యాహ్నానికి మాట తడబడుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో డాక్టరు చెప్పాడు, నేను ఇక్కడ రాయను.

"నూట అరవై ఎనిమిదా?" అంది అక్క. "గింత మంచు ముక్కకా? పోయినేడు కోడి కొన్నం గద గా పైసలకు."

"తప్పు పడింది అక్కా. సరిచేయిస్తా."

"నువ్వు సరిజేయించినయి శానా ఉన్నయి తీ. బావి మూయొద్దని రాసినవ్, మూసిండ్రు. నీళ్ళ బండి రావాలె అని రాసినవ్, వచ్చేది కూడ బందైంది."


ఎండరోజు 40. 49 డిగ్రీలు.

రెండు వందల పన్నెండు.

సంజాయిషీ గది తెరిచేది ఆరు నుంచి ఆరున్నర దాకా. క్యూలో పదకొండో వాణ్ణి. నా వంతు వచ్చేసరికి ఆరు ఇరవై తొమ్మిది. మీ ఉద్యోగిని పేరు ద్యుతి. ముప్ఫై ఏళ్ళుంటాయి. మనిషి చెడ్డది కాదని కళ్ళు చెబుతాయి, కానీ నోట్లో మీరు పెట్టిన మాటలే ఉంటాయి.

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్."

"చింత తర్వాత. ధరలో తప్పుంది, దిద్దండి."

ఆమె తెర చూసింది. "తప్పేం లేదు సార్. అది మీ ధరే."

"నా ధరేంటమ్మా? బిళ్ళ ధర అడుగుతున్నాను."

"బిళ్ళకు ధర ఉండదు సార్. కొనేవాళ్ళకే ఉంటది."

ఈ మాట ఆమె గంట ఎంతైందో చెప్పినట్టు చెప్పింది. బయట మీ బోర్డు మీద 'ఎవరికి తగ్గ ధర వారికి' అని అడుగు ఎత్తు అక్షరాలతో ఉంది. ఆరేళ్ళుగా దాని కిందనుంచే నడుస్తున్నాను. లేనివాడికి తక్కువ, ఉన్నవాడికి ఎక్కువ అని నేనే నా బుద్ధికి అర్థం చెప్పుకుని, ఒకసారి మెచ్చుకున్నాను కూడా. ఆ మెచ్చుకోలు ఈ దినచర్య సాక్షిగా వెనక్కి తీసుకుంటున్నాను.


ఎండరోజు 42. 49 డిగ్రీలు.

రెండు వందల ముప్ఫై.

ఫిర్యాదుకు రుజువు కావాలన్నారు. ఇవాళ దొరికింది.

మా వీధి చివరింట్లో ఉండి ఆకుకూరల బండి తోసే లాస్య పొద్దున ఐదింటికే మా గుమ్మం ముందుకు వస్తుంది, ఎండ ముదరకముందే వెళ్ళిపోతుంది. ఆమెకూ చలువ చొక్కా ఉంది, లేకపోతే బండి తోయలేదు. పన్నెండేళ్ళుగా ఆమె దగ్గరే కొంటున్నాం. ఒక్కసారి కూడా బేరమాడలేదు. అది నా నియమం. బండి తోసుకుని బతికేవాళ్ళ దగ్గర ఒక కట్ట కోసం గీచిగీచి అడగడం సిగ్గుచేటని కరపత్రం కూడా వేశాను. అందుకు లాస్య నేను అడగకుండానే ఒక కట్ట ఎక్కువ వేస్తుంది.

"లాస్యమ్మా, ఒక్క మాట. బిళ్ళ నీకెంతకు పడుతోంది?"

తోటకూర కట్ట ఆమె చేతిలోనే ఆగిపోయింది. "గట్ల అడుగుతరా సారూ? దిష్టి."

"దిష్టి లేదు, ఏమీ లేదు. మా అక్కకు రెండు వందల ముప్ఫై చూపిస్తోంది."

ఆమె వీధి అటూ ఇటూ చూసింది. బండి మీది తడి గోనె పట్టా కింద చెయ్యిపెట్టి వేళ్ళు చూపించింది. ముందు మూడు, తర్వాత ఆరు. ముప్ఫై ఆరు.

"నిజమా?"

"మొన్నటిదాంక యాభై ఉండె. వారం సంది తగ్గింది. ఎందుకు తగ్గిందో నాకైతే తెల్వదు సారూ. తగ్గినంక అడుగుతరా ఎవలన్న?"

అదే అర, అదే బిళ్ళ. ఒకరికి ముప్ఫై ఆరు, ఒకరికి రెండు వందల ముప్ఫై. ఇది దోపిడీ కాదంటే దోపిడీ అనే మాటను నిఘంటువులోంచి తీసేయండి. ఆకుకూరల లాస్యకు ముప్ఫై ఆరు. రాసిపెట్టుకోండి.


ఎండరోజు 43. 49 డిగ్రీలు.

రెండు వందల నలభై.

లాస్య పాపం మంచిది. తానే కొనిపెడతానంది. కొంది కూడా, ముప్ఫై ఆరుకే. ఇంటికి తెచ్చి అక్క చొక్కాలో పెడితే బిళ్ళ రాయిలా ఉండిపోయింది. ఏ ఇంటి పేరున కొంటే ఆ ఇంటి చొక్కాలోనే చల్లబడుతుందట. ఇన్నాళ్ళూ ఎవరి బిళ్ళ వాళ్ళే కొనుక్కున్నాం కనక ఈ సంగతి మాకు తెలియలేదు. దాహంతో ఉన్న మనిషికి పక్కవాడు గ్లాసు నీళ్ళు ఇవ్వకుండా గ్లాసుకే తాళం వేశారన్నమాట. ఇంత తెలివి వడదెబ్బకు మందు కనిపెట్టడంలో ఎందుకు పెట్టలేదు?


ఎండరోజు 45. 50 డిగ్రీలు.

రెండు వందల అరవై.

ఇవాళ ఒక సంగతి తెలిసింది.

పదకొండింటికి ఇంటికొస్తే అక్క వంటగది నేల మీద, నీళ్ళ కుండకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఒంటి మీద తడి దుప్పటి. చలువ చొక్కా వంకెకు వేలాడుతోంది. బిళ్ళ తీసి, గుడ్డలో చుట్టి, కుండ పక్కన పెట్టింది.

"ఎందుకు తీశావు?"

"రేపటికి ఉంటది."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"నాలుగు దినాలు. ఒక్క బిళ్ళతోని రెండు దినాలు ఎల్తున్నది. నువ్వు రోజూ తెస్తున్నవ్ గద, మిగిలినయి అగో, పిండి డబ్బలున్నయి." ఆమె మాట అప్పటికే కొంచెం ముద్దగా వస్తోంది. "కోప్పడకు. నీ కోపానికి కూడ ఉక్క పోస్తది నాకు."

పిండి డబ్బా తెరిచాను. రెండు బిళ్ళలు. నేను ఇంటి దగ్గర కూర్చుని మీకు ఉత్తరాలు రాస్తుంటే, నా వెనక గదిలో మా అక్క తన ప్రాణాన్ని సగం సగం చేసి వాడుకుంటోంది. నేను చూడలేదు.


ఎండరోజు 47. 50 డిగ్రీలు.

మూడు వందల పది.

ఇవాళ నాలుగింటికే వెళ్ళి క్యూలో మొదటివాణ్ణయ్యాను. ద్యుతిని ఒకటే అడిగాను: మా ధర పెరగడానికి కారణం ఏమని రాసుంది?

ఆమె చెప్పకూడదంది. అక్క నేల మీద కూర్చున్న సంగతి చెప్పాను. కాసేపు వేళ్ళు బల్ల మీద ఆడించి, తెరను నా వైపు తిప్పకుండానే చదివింది.

"బేరమాడని ఇల్లు."

"అంటే?"

"మీ ఇరవై ఏళ్ళ కొనుగోళ్ళున్నయి సార్ ఇండ్ల. బడ్డీకొట్టు, బండి, సంత, అన్ని. ఒక్కసారి కూడ తగ్గించమని అడగలే, ఒక్క వస్తువు కూడ తిరిగివ్వలే. ఎంత చెప్తే అంత ఇచ్చిండ్రు. గట్లాంటి ఇంటికి హద్దు ఎక్కడుందో పలక చూస్తది. మీరు కొనుడు ఆపేదాక పెంచుతది."

"అది నా నియమమమ్మా. పేదవాళ్ళ దగ్గర బేరమాడకూడదని."

"అది కూడ ఉన్నది సార్." ఆమె గొంతు తగ్గించింది. "మీ కరపత్రం జతచేసిండ్రు. రుజువు కింద."

నా జీవితంలో సిగ్గుపడనక్కర్లేని పనులు కొన్నే ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని తీసి, తూకం వేసి, మా అక్క వీపు మీద పెట్టారు. దీనికి నేనేం రాయాలి? ఈ పూట మాటలు దొరకడం లేదు. రేపు దొరుకుతాయి.

ద్యుతి ఒక సలహా ఇచ్చింది. "ఆడుండ్రి సార్, బేరం."

"ఎవరితో? పలకతోనా?"

"దానికి వినపడతది."

ఆడాను. యాభై నాలుగేళ్ళ మనిషిని, అర ముందు నిలబడి గాజు పలకతో "వందకిస్తావా?" అన్నాను. మూడు వందల పది. "నూట ఇరవై." మూడు వందల పది. విసుగొచ్చినట్టు మొహం పెట్టి, వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేశాను. ఎవరూ పిలవలేదు. తిరిగి వచ్చి, మూడు వందల పదికే కొన్నాను.

ఇంటికొచ్చి చెబితే అక్క దగ్గొచ్చేదాకా నవ్వింది. "నాలుగడుగులేసి ఎనకకు మర్రి చూసినవా?"

"చూశాను."

"అగో. ఆడనే పోయినవ్. చూసెటోని ఎవ్వలు పిలువరు. దుకాణం గల్మ దాటి బయటపడాలె. దాటినంక పిలుస్తరు. మొదటి పిలుపుకు మర్రొద్దు. రెండోసారి పిలిస్తే గప్పుడు, అది గూడ సగమే మర్రాలె."


ఎండరోజు 51. 51 డిగ్రీలు.

పదిహేనో రోజు. ధర మూడు వందల పది దగ్గరే నిలిచింది. అంటే ఆ నాలుగడుగుల్లోనే నా హద్దు కనిపెట్టారన్నమాట.

దినచర్య మొత్తం అప్పగించాను. నకలు ఉంచుకున్నాను. గంటలో జవాబు వచ్చింది: ఫిర్యాదు అంగీకరించబడింది. అర ముందుకెళ్ళాను. ముప్ఫై నాలుగు.

నమ్మలేక పలకను చేత్తో తుడిచాను. ముప్ఫై నాలుగే. ఫిర్యాదు ముగిసిందని మూడు రోజుల్లోగా బొటనవేలు ముద్ర వేయాలని, వేయకపోతే పాత ధరే వస్తుందని ద్యుతి చెప్పింది. అక్కడే వేసేవాణ్ణి. ముద్ర యంత్రం పనిచేయలేదు. మీ దుకాణంలో ఏదీ సరిగా పనిచేయదు కదా.

అక్క ఇవాళ రోజంతా చొక్కా వేసుకుంది. మామిడికాయ పప్పు చేసింది. "నీ రాతతోని ఒక్కటన్న అయింది పో" అంది.


ఎండరోజు 53. 51 డిగ్రీలు.

ఈ పుట నుంచి దుకాణానికి ఇవ్వను. పాత నోటుబుక్కులో రాస్తున్నాను.

నిన్న లాస్య బండి రాలేదు. ఇవాళా రాలేదు. ఐదున్నరకు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. నులకమంచం మీద పడుకుని ఉంది. మోచేతికి కట్టు. మోకాళ్ళు కొట్టుకుపోయాయి. నిన్న బిళ్ళ లేకుండానే బండి తోసిందట. మలుపు దగ్గర కళ్ళు తిరిగి బండితోపాటు మురికికాలవలో పడింది.

"బిళ్ళ ఎందుకు కొనలేదు?"

ఆమె నా వైపు చూడలేదు. పైకప్పు వైపు చూస్తూ అంది. "మూడు వందల పన్నెండు సారూ."

"ఎంత?"

"మొన్న సంది. చెప్తే దిష్టి తగులుతదంటే మీరు ఇనకపోతిరి."

మంచం పక్కన కూర్చుని లెక్క వేశాను. మా ధర మూడు వందల పది నుంచి ముప్ఫై నాలుగుకు దిగింది. తగ్గింది రెండు వందల డెబ్బై ఆరు. లాస్య ముప్ఫై ఆరుకు ఆ రెండు వందల డెబ్బై ఆరు కలిపి చూశాను. మూడు వందల పన్నెండు. పైసా తేడా లేదు. మా అక్క ధర పెరిగిన వారంలోనే తనది యాభై నుంచి ముప్ఫై ఆరుకు తగ్గిందని లాస్య నాతో చెప్పింది. నేనే రాసుకున్నాను. రాసుకుని కూడా ఆలోచించలేదు, ఎందుకంటే ఆ రోజు నాకు కావాల్సింది రుజువు.

అక్కడి నుంచి నేరుగా సంజాయిషీ గదికి పరిగెత్తాను. ఆరు పది.

"వీధికి ఒక సరాసరి ఉంటది సార్," అంది ద్యుతి. "మీ వీధికి డెబ్బై ఒకటి. అది మారొద్దు. ఒక ఇంటికి దించితే ఇంకో ఇంటికి ఎక్కాలె."

"నలభై ఇళ్ళున్నాయి. లాస్యకే ఎందుకు ఎక్కించారు?"

ఆమె కాగితాల కట్టలోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. నా దస్తూరీ. 'ఆకుకూరల లాస్యకు ముప్ఫై ఆరు. రాసిపెట్టుకోండి.'

"వీధిలో ఎవలి ధర తక్కువున్నదో మీరే చూపించిండ్రు సార్."

ముప్ఫై ఏళ్ళుగా నేను రాసిన ప్రతి మాటా కిందివాళ్ళ పక్షమే అనుకున్నాను. ఒక్క వాక్యం, అదీ గెలిచిన వాక్యం, ఒక మనిషిని తీసుకెళ్ళి మురికికాలవలో పడేసింది.

"నా ధర నాకిచ్చేయమ్మా" అన్నాను. "పాతది. మూడు వందల పది."

"ధర తక్కువైందని ఫిర్యాదు చేసే కాగితం లేదు సార్." తర్వాత తలుపు వైపోసారి చూసి, మెల్లగా అంది. "బొటనవేలు ఎయ్యకుంటే అదే ఎనకకు వస్తది. రేపు ఏడింటిదాక టైమున్నది."

"నీ ధరెంతమ్మా?"

"నాకూ తెల్వదు. జీతంల కోసుకుంటరు."

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. వేలు వేస్తే లాస్య పడుతుంది, వేయకపోతే అక్క పడుతుంది. ఇది అక్కతో చెప్పడానికి గంట పట్టింది. ఆమె నిర్ణయానికి క్షణం పట్టలేదు.

"ఏలు జేబుల పెట్టుకో. ఆ పిల్ల ఎండల బండి తోస్తది. నేను కుండ పక్కపొంటి కూసుంట."

"కుండ పక్కన ఎన్నాళ్ళు కూర్చుంటావు?"

"ఎన్నాళ్ళైతే గన్నాళ్ళు. లేకుంటే నువ్వే ఇంకో ఉపాయం చెప్పు. గంత చదివినవ్ గద."

నాకు తోచలేదు. తోచింది అక్కకే. అన్నం తింటూ తింటూ ఆగి, "సరాసరి డెబ్బై ఒకటి అన్నరా?" అంది. "మరి అందరికి డెబ్బై ఒకటే ఎయ్యిమను. దుకాణపోనికి ఏం పోయింది? ఒక్క పైస పోదు."

"అడిగితే వేస్తారా?"

"నువ్వడిగితే ఎయ్యరు. నీది నాలుగడుగుల బేరం."


ఎండరోజు 54. 52 డిగ్రీలు అన్నారు. పొద్దున ఆరింటికే 41.

నిన్న సాయంత్రం అక్క ఇల్లిల్లూ తిరిగింది. నేను వెనక నీళ్ళ సంచి మోశాను. ప్రతి గుమ్మంలోనూ ముందు తన ధర తాను చెప్పింది. "మాది ముప్ఫై నాలుగు. మొన్నటిదాంక మూడు నూర్ల పది. ఇగ మీది చెప్పుండ్రి. దిష్టంటరా, తగిలేది నాకే ముందు తగులుతది, వయసుల పెద్దదాన్ని." నాలుగిళ్ళు తలుపేశాయి. ఐదో ఇంట్లో ఒకామె చెప్పింది. ఆమెకు పక్కింటి చెల్లెలి కంటే తొంభై ఎక్కువని తేలింది. అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి.

పొద్దున ఆరింటికి ముప్ఫై మూడు ఇళ్ళవాళ్ళం మూడో వరసలో నిలబడ్డాం. చేతికి కట్టుతో లాస్య వచ్చింది. అక్క వచ్చింది, చొక్కాలో నిన్నటి బిళ్ళతో. అది తొమ్మిది దాకా కూడా రాదు. అంతమంది మొహాలు ఒక్కసారి చూసి పలకలు వెలుగుతూ ఆరుతూ ఏ అంకె మీదా నిలవలేకపోయాయి. ఎవరి ధర వాళ్ళు గట్టిగా చెప్పారు. నూట రెండు. నలభై. నలభై ఎనిమిది. మూడు వందల పన్నెండు అని లాస్య చెప్పినప్పుడు వరస మొత్తం ఆమె వైపు తిరిగింది.

ఏం కావాలో నేను చెప్పాను. అది నా పని కదా. వీధికి ఒకే ధర, డెబ్బై ఒకటి. అది పలక మీద పడేదాకా ఇక్కడ ఎవరూ బిళ్ళ కొనరు, నా బొటనవేలూ కదలదు.

గోడలోంచి మెత్తని గొంతు వచ్చింది. మా అసౌకర్యానికి చింతిస్తున్నదట. ఫిర్యాదు ఉంటే ఒక్కొక్కరూ విడివిడిగా పదిహేను రోజుల దినచర్య రాసి ఇవ్వాలట.

ఆరు నలభై. ఆరు యాభై. అద్దాల మీద ఎండ పడింది. వెనక ఎవరో "ఇగ కొనుక్కపోదామమ్మా, పిల్లలు ఇంట్ల ఉన్నరు" అన్నారు. ఇంకొకరి చెయ్యి అర మీదికి వెళ్ళి ఆగింది. అక్క మొహం చూశాను. పెదవులు తెల్లబడుతున్నాయి. అక్కా చాలు, నేను వేలు వేసేస్తాను అనబోయాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని జేబులోంచి తీయనీయలేదు.

"నడువుండ్రి," అంది అందరితో. "పోదాం. ఇయ్యాల ఈ దుకాణంల మనకు బిళ్ళ అవసరం లేదు."

నడిచాం. అర నుంచి తలుపు దాకా ఇరవై ఆరు అడుగులు. లెక్కపెట్టాను, ఎందుకంటే వెనక్కి చూడకుండా ఉండడానికి నాకు ఇంకేదో ఒక పని కావాలి. ముప్ఫై మూడు ఇళ్ళ చెప్పుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. లాస్య గడప దాటింది. అక్క దాటింది. నేను దాటాను. వేడి మొహాన కొట్టింది.

అప్పుడు వెనకనుంచి వినబడింది. గోడ గొంతు కాదు. ద్యుతి గొంతు, పరిగెత్తినట్టు రొప్పుతూ.

"అమ్మా, ఒక్క నిమిషం ఆగుండ్రి."

నా మెడ తిరగబోయింది. అక్క గోళ్ళు నా మణికట్టులో దిగాయి.

"మొదటిది," అంది.

ఎవరూ తిరగలేదు. మరో అడుగు వేశాం.